తమాయించుకోవడం నేర్పే తీరు: బడి ఈడు పిల్లలున్న ఇళ్లకు

సాయంత్రం నాలుగున్నరకు బడి ఆటో దిగిన ఎనిమిదేళ్ల పిల్లవాడు, ఐదున్నరకు లెక్కల నోటుపుస్తకం ముందు కూర్చుని, తప్పు రాసిన అంకెను రబ్బరుతో గట్టిగా చెరిపేసరికి కాగితం చిరిగింది. పుస్తకాన్ని గోడకు కొట్టాడు, పెన్సిలు విరిచాడు, "నాకు లెక్కలు రావు, నేను బడికి పోను" అని ఏడ్చాడు. తిరుపతి బైరాగిపట్టెడలోనో, కొర్లగుంటలోనో, చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనో, ప్రతి సాయంత్రం ఏదో ఒక ఇంట్లో ఇలాంటిది జరుగుతూనే ఉంటుంది. అప్పుడు పెద్దవాళ్లలో కొందరు వీపు మీద ఒక దెబ్బ వేసి మళ్లీ కూర్చోబెడతారు. మరికొందరు "పోనీలే నాయనా" అని ఆ లెక్కను తామే చేసిపెడతారు. ఏ రకంగా చూసినా ఇల్లు ఐదు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. రేపు మళ్లీ కాగితం చిరిగితే ఏం చేయాలో మాత్రం ఆ పిల్లవాడికి తెలియదు.

తిరుపతి చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన ఉపాధ్యాయురాలిని నేను. చదువులో వెనకబడ్డారంటూ నా తరగతికి వచ్చిన పిల్లల్లో చాలామందికి అర్థం చేసుకునే శక్తి తక్కువేమీ కాదు. విసుగు వచ్చినప్పుడు నిలదొక్కుకోవడం, తమ వంతు వచ్చేదాకా ఆగడం, మొదలుపెట్టిన పనిని ముగించడం వారికి ఎవరూ నేర్పలేదు. మనస్తత్వశాస్త్రం దీనిని స్వీయ నియంత్రణ అంటుంది. మన ఇళ్లలో దీనికి అంతకన్నా చక్కటి మాట ఉంది, తమాయించుకోవడం. కోపం వచ్చిందని గుర్తించి, చేయి లేచేలోపలే తనను తాను పట్టుకోవడం అని ఆ మాటకు అర్థం. కాబట్టి భయంతో నోరు మూసుకున్న పిల్లవాడిని చూసి వాడికి నిగ్రహం ఉందని అనుకోవడం పొరపాటు. భయపెట్టే మనిషి గడప దాటగానే ఆ నిగ్రహం కూడా గడప దాటిపోతుంది.

ఈ నేర్పు ఎంత దూరం పనికివస్తుందో న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో జరిగిన ఒక సుదీర్ఘ అధ్యయనం చూపింది. అక్కడ 1972, 1973 సంవత్సరాల్లో పుట్టిన సుమారు వెయ్యిమంది పిల్లలను పరిశోధకులు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. బాల్యంలో నిగ్రహం ఎక్కువగా ఉన్నవారికి 32 ఏళ్ల వయసులో ఆరోగ్యం, డబ్బు వ్యవహారాలు మెరుగ్గా ఉన్నాయని, కుటుంబ స్థితిగతులను, తెలివితేటలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలిచిందని 2011లో ప్రకటించారు.

పెద్దల దగ్గర అప్పుగా దొరికే నిమ్మళం

తొందరపాటును ఆపడానికి, ముందువెనకలు ఆలోచించడానికి తోడ్పడే మెదడు భాగం నుదుటి వెనక ఉంటుంది. అది పాతికేళ్ల వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఏడేళ్ల పిల్లవాడిని పట్టుకుని "నీకు ఆ మాత్రం బుద్ధి లేదా" అని అడగడం, ఇంకా మొలవని పంటితో చెరకు కొరకమనడం వంటిది. పన్ను తనంతట తాను మొలుస్తుంది. నిగ్రహానికి మాత్రం వయసుతో పాటు సాధన కూడా కావాలి. ఆ సాధన మొదట్లో పెద్దవాళ్ల సాయంతోనే సాగుతుంది. సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ గమనించిన విషయం ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది: పెద్దవాళ్లు తమతో అన్న మాటలను పిల్లలు మొదట తమలో తాము పైకి అనుకుంటారు, క్రమంగా ఆ మాటలే లోపలి ఆలోచనగా మారుతాయి. మెట్లు దిగుతూ "మెల్లగా, మెల్లగా" అని గొణుక్కునే చిన్నపిల్లను చూసిన ప్రతి ఒక్కరికీ ఇది అనుభవంలో ఉన్న సంగతే. మనం ఈనాడు వాడే మాటలు పదేళ్ల తరువాత ఆ బిడ్డ తనతో తాను అనుకునే మాటలు అవుతాయి. "నువ్వింతే, నీకు రాదు" అన్న మాటైనా సరే, "కాసేపు ఆగి మళ్లీ చూద్దాం" అన్న మాటైనా సరే.

ఓర్పును గురించి మాట్లాడేటప్పుడు చాలామంది అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చేసిన మిఠాయి ప్రయోగాన్ని ప్రస్తావిస్తారు. ఒక మిఠాయిని ముందుంచి, పెద్దమనిషి తిరిగి వచ్చేదాకా తినకుండా ఆగితే రెండు ఇస్తామన్నారు. బాగా ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని ఆ తరువాత తేల్చారు. అయితే 2018లో వచ్చిన మరింత పెద్ద అధ్యయనం, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుందని చూపింది. నా దృష్టిలో అంతకన్నా విలువైనది సెలెస్ట్ కిడ్ బృందం రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం. మిఠాయి పెట్టడానికి ముందు, మంచి రంగుపెన్సిళ్లు తెస్తానని చెప్పిన పెద్దమనిషి సగంమంది పిల్లలకు నిజంగానే తెచ్చాడు. మిగిలినవారి దగ్గరకు వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు ఆగారు. ఆగితే దొరుకుతుందన్న నమ్మకం లేనిచోట వెంటనే తినేయడమే తెలివైన పని కదా. అందువల్ల పిల్లలకు ఓర్పు నేర్పాలనుకునేవారు మొదట చేయవలసినది, తాము ఇచ్చే మాటల సంఖ్యను తగ్గించి, ఇచ్చిన ప్రతి మాటనూ నిలబెట్టుకోవడం. "ఆదివారం జూకు పోదాం" అని ఏడుపు ఆపడానికి అనేసి ఆదివారం మరచిపోయే ఇంట్లో, ఇక ఏ ఉపాయమూ పనిచేయదు.

మొదటి వారం: మార్చకండి, గమనించండి

ఏ మార్పూ తలపెట్టకముందు ఒక వారం పాటు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసిపెట్టండి: పిల్లవాడు అదుపు తప్పినప్పుడు గంట ఎంతైంది, దానికి కాస్త ముందు ఏం జరిగింది, తరువాత మీరేం చేశారు. మూడో వరస రాయడానికి మనసు ఒప్పదు, అయినా రాయండి. వారం తిరిగేసరికి ఆ కాగితం మీద ఒక పోలిక కనబడుతుంది. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ గొడవలు బడి నుంచి వచ్చిన గంటలోపల, పడుకునే ముందు గంటలో, ఫోను చేతిలోంచి తీసుకున్న క్షణంలో జరుగుతాయి. అంటే వాటిలో సగానికి మూలం ఆకలి, అలసట.

వాటి విరుగుడు తేలికైనది కాబట్టి ముందు వాటిని చక్కబెట్టండి. బడి నుంచి రాగానే ప్రశ్నలు వేయకుండా, బొరుగులో, ఉడికించిన వేరుశనగలో, మజ్జిగో, పండో ఇచ్చి, అరగంట ఒళ్లు అలిసేలా ఆడుకోనివ్వండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ఉదయం ఆరుకు లేవవలసిన పిల్లవాడు రాత్రి పదకొండు దాకా టీవీ గదిలోనే ఉంటే, మరునాటి నిగ్రహం ముందురోజు రాత్రే ఖర్చయిపోతుంది.

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. తిరుపతిలో హోటళ్లు, వసతిగృహాలు, దుకాణాలు, రవాణా, కొండమీది పనులు, ఆసుపత్రుల్లో షిఫ్టుల మీద పనిచేసే తల్లిదండ్రులు ఎక్కువ. ఒక వారం నాన్న రాత్రిపూట ఇంట్లో ఉండడు, మరో వారం అమ్మ తెల్లవారుజామునే వెళ్లిపోతుంది. ఇలాంటి ఇళ్లకు "ఏడు గంటలకు చదువు, ఎనిమిదికి భోజనం" అన్న పట్టిక రెండు రోజులు కూడా నిలవదు. ఆ ఇళ్లు గడియారాన్ని వదిలి వరసను పట్టుకోవాలి. కాళ్లు కడుక్కోవడం, తినడం, ఆట, చదువు, భోజనం, సంచి సర్దుకోవడం, నిద్ర. గంట మారినా ఈ వరస మారకూడదు, ఇంట్లో అమ్మ ఉన్నా అవ్వ ఉన్నా ఇదే వరస నడవాలి. తరువాత ఏం వస్తుందో తెలిసిన పిల్లలు ఒక పనిలోంచి ఇంకో పనిలోకి గొడవ లేకుండా మారగలుగుతారు. చిన్నపిల్లలకు ఈ వరసను బొమ్మలుగా గీయించి తలుపు మీద అంటించండి. గీసేది మీరు కాకుండా వారే అయితే ఆ కాగితాన్ని వారు గౌరవిస్తారు.

తుఫాను మధ్యలో పాఠం చెప్పకూడదు

పుస్తకం గోడకు తగిలిన క్షణంలో పిల్లవాడికి మీ మాటల్లోని న్యాయం వినబడదు. గొంతు ఎంత పెద్దదన్నదే వినబడుతుంది. కాబట్టి ఆ నిమిషంలో చేయవలసిన పనులు కొన్నే. ఎవరికైనా దెబ్బ తగిలే వస్తువు ఉంటే పక్కకు తీయండి. నిలబడి ఉంటే కూర్చోండి, ఎందుకంటే కోపంలో ఉన్న చిన్నవాడికి మీద నిలబడిన మనిషి బెదిరింపులాగే కనబడతాడు. మీ ఊపిరిని పీల్చిన దానికంటే నెమ్మదిగా వదలండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే గుండె వేగం తగ్గుతుంది, మీ గొంతూ తగ్గుతుంది. ఒకే ఒక చిన్న వాక్యం అనండి: "చాలా కోపం వచ్చింది నీకు. నేనిక్కడే ఉన్నాను." ఆ తరువాత మాట్లాడకుండా ఉండటం కష్టమే, కానీ అదే పనిచేస్తుంది.

మీకే కోపం ఆగకపోతే దాన్ని దాచవద్దు. "నాకు కూడా కోపం వస్తోంది, మొహం కడుక్కుని వస్తాను" అని పైకి చెప్పి వెళ్లండి, చెప్పినట్టే తిరిగి రండి. పెద్దవాళ్లు తమాయించుకోవడాన్ని కళ్లారా చూసిన పిల్లలకు వేరే ఉపన్యాసం అవసరం పడదు. ఒకవేళ మీరు అరిచేశారనుకోండి, గంట తరువాత దగ్గర కూర్చుని "ఇందాక అరిచాను, అది తప్పు, ఈసారి బయటికి వెళ్లి వస్తాను" అని చెప్పండి. దీనివల్ల పెద్దరికం తగ్గుతుందని మా తరంలో చాలామంది భయపడ్డారు; నేనూ భయపడ్డాను. తరగతిలో ఒకసారి అన్యాయంగా కోప్పడి, మరునాడు అందరి ముందూ ఆ పిల్లను క్షమించమని అడిగిన తరువాతే, ఆ తరగతి పిల్లలు ఒకరినొకరు క్షమించమని అడగడం మొదలుపెట్టారు.

దెబ్బ గురించి సూటిగా చెబుతాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇంటికి ఆ సెక్షను వర్తించకపోయినా, దాని వెనక ఉన్న కారణం ఇంటికీ వర్తిస్తుంది. కోపం వచ్చినప్పుడు బలమైనవాడు చేయి ఎత్తవచ్చునన్నదే దెబ్బ నేర్పే పాఠం. ఆ పాఠాన్ని పిల్లవాడు తనకన్నా చిన్నవారి మీద అదే రోజు అప్పజెబుతాడు. అలాగని తప్పుకు ఫలితమే ఉండకూడదని కాదు. విరిచిన పెన్సిలు స్థానంలో కొత్తది వెంటనే రాదు, ఉన్న ముక్కతోనే రాయాలి. చిరిగిన కాగితాన్ని తనే అంటించాలి. నిమ్మళించిన తరువాత, వెటకారం లేకుండా, ఆ పని చేయించండి.

కోపానికి ఎన్ని పేర్లు

మనసులో జరుగుతున్నదానికి పేరు పెట్టగలిగితే దాని ఉధృతి తగ్గుతుంది. కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో పెద్దవారి మెదళ్లను పరీక్షించి, ఉద్వేగానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు భయం, ఆందోళనలకు స్పందించే మెదడు భాగంలో అలజడి తగ్గుతుందని చూసింది. ఈ విషయంలో తెలుగు పిల్లలు అదృష్టవంతులు, మన భాషలో ఈ పేర్లకు కొదవ లేదు. అయితే ఇప్పటి ఇళ్లలో కోపం, ఏడుపు, బోరు అనే మూడు మాటలతోనే అన్నీ సరిపెట్టేస్తున్నాం. మిగిలినవాటిని మళ్లీ వాడుకలోకి తేవాలి.

తనకు కావలసిన మనిషి వచ్చి బుజ్జగించాలని ఎదురుచూసే కోపం అలక. ఎదిరించలేక, చేతగాక, కళ్లలో నీళ్లు తెప్పించే కోపం ఉక్రోషం. ఆటలో ఓడిపోయి ముక్కలు చిందరవందర చేసేది ఉడుకుమోత్తనం. తనవారిని నలుగురిలో తక్కువ చేసి మాట్లాడినప్పుడు పొడుచుకొచ్చేది రోషం. దగ్గరలేని మనిషి మీద మనసు పీకేది బెంగ, కారణం సరిగ్గా తెలియకుండా కమ్ముకునేది దిగులు, ఎంత చేసినా తెమలని పని తెచ్చేది విసుగు. ఈ తేడాలు పట్టుకోవడం మాటల సొగసు కోసం కాదు, ఎందుకంటే ఒక్కోదానికి మందు వేరు. అలకకు కాసేపటి దగ్గరితనం చాలు. ఉక్రోషంలో ఉన్నవాడికి ఎవరైనా తన పక్షాన నిలిచి జరిగింది పూర్తిగా వినాలి. బెంగకు ఒక ఫోను మాట, ఎప్పుడు కలుస్తారో చెప్పే ఒక తేదీ కావాలి. విసుగుకు పనిని ముక్కలు చేసి ఇవ్వాలి. నాన్న గల్ఫ్‌లో ఉన్న పిల్లవాడి బెంగను మొండితనం అనుకుని దండించే ఇళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. పేరు తప్పు పెడితే మందు కూడా తప్పుతుంది.

అందుకని భోజనాల దగ్గర ఈ మాటలను మీ సంగతులతోనే వాడండి. "ఈ రోజు బస్సు రాక అరగంట నిలబడ్డాను, చాలా విసుగొచ్చింది, పక్కామెతో మాటల్లో పడ్డాక తగ్గింది" అని అమ్మ చెబితే, విసుగు అందరికీ వస్తుందని, దానికి ఏదో ఒకటి చేయవచ్చని బిడ్డకు తెలుస్తుంది. ఒంట్లో అది ఎక్కడ మొదలవుతుందో కూడా అడగండి: చెవులు వేడెక్కుతాయా, పిడికిలి బిగుస్తుందా, గొంతులో ఏదైనా అడ్డం పడుతుందా? ఆ మొదటి గుర్తును పట్టుకోగలిగిన పిల్లలకు చేయి లేవకముందు రెండు మూడు క్షణాల వ్యవధి దొరుకుతుంది, పని అంతా ఆ వ్యవధిలోనే జరగాలి.

ఆ క్షణాల్లో ఏం చేయాలో అప్పటికప్పుడు ఆలోచించడం పిల్లల వల్ల కాదు. అందుకని ముందే, మంచి మనసుతో ఉన్నప్పుడు, "ఇలా అయితే అలా చేస్తాను" అనే ఒప్పందం చేయించండి. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ ఇలాంటి ప్రణాళికల మీద ఏళ్ల తరబడి పరిశోధించి, "ఇకనుంచి బాగా ఉంటాను" అనే వట్టి సంకల్పం కన్నా ఇవి మేలని చూపాడు. మన లెక్కల పిల్లవాడి ఒప్పందం ఇలా ఉండవచ్చు: "కాగితం చిరిగితే, పెన్సిలు కింద పెట్టి, లేచి వెళ్లి గ్లాసు నీళ్లు తాగి వస్తాను." అందులో జరగబోయే సంఘటన స్పష్టంగా ఉండాలి, చేయవలసినది కాళ్లూ చేతులతో చేసే పనై ఉండాలి, మాటలు పిల్లవాడివే కావాలి. ఒకేసారి ఒక్క ఒప్పందమే పెట్టుకోండి. ఉత్తుత్తిగా కాగితం చించి, లేచి నీళ్లు తాగి రావడాన్ని నాలుగైదుసార్లు నాటకంలా ఆడించండి. పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వుతోపాటే అది ఒంటికి అలవాటవుతుంది.

ఆటల్లో ఉన్న సాధన

ఈ నేర్పు కోసం ప్రత్యేకమైన శిక్షణ తరగతులు వెతుక్కోనవసరం లేదు, మన వీధి ఆటల్లోనే కావలసినంత ఉంది. నేల-బండ ఆటలో దొంగ నేల కోరుకుంటే మిగిలినవారు బండ మీద నిలవాలి, దొంగను కవ్వించడానికి నేల మీదికి దిగాలి, అతను కదలగానే మళ్లీ ఎక్కాలి. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఆగాలో ప్రతి క్షణం తేల్చుకోవలసిన ఈ ఆటలో తొందరపాటుకు శిక్ష వెంటనే పడుతుంది. పిల్లలు బాగా ఆరితేరిన తరువాత నియమాన్ని తిరగేయండి: "నేల అంటే బండ, బండ అంటే నేల". అలవాటైన కదలికను ఆపి కొత్త నియమాన్ని గుర్తుపెట్టుకుని ఆడటం, తరగతిలో జవాబు తెలిసినా చేయి ఎత్తి ఆగడానికి అవసరమైన శక్తినే పెంచుతుంది. "స్టాచ్యూ" అనగానే శిలలా నిలిచిపోయే ఆట కూడా ఇలాంటిదే. కబడ్డీలో ఒకే ఊపిరిలో కూత ఆపకుండా తిరిగి రావాలి, చిన్నవారికి అది ఊపిరి మీద పట్టు ఇస్తుంది.

ఇంట్లో కూర్చుని ఆడే పులి-మేక ఆటలో మేకల పక్షం తీసుకున్న పిల్లవాడు ఒక్క మేకను కాపాడుకోవడానికి తొందరపడితే పులికి దారి ఇచ్చినవాడవుతాడు. పదెత్తుల తరువాత పులిని కట్టేయడానికి ఇప్పుడు నిదానించాలి. అష్టాచెమ్మా, వైకుంఠపాళి పూర్తిగా అదృష్టం మీదో సగం మీదో నడిచేవి కాబట్టి ఓటమిని ఓర్చుకోవడం నేర్పడానికి అవి మేలు. పిల్లలు ఏడుస్తారని ప్రతిసారీ కావాలని ఓడిపోయే తాతలకు నా మనవి: రెండాటల్లో ఒకదాన్ని నిజంగా గెలవండి, మీరు ఓడినప్పుడు "అబ్బ, పాము మింగేసిందే, ఇంకోసారి ఆడదాం" అని పైకి అనండి. ఓడినవాళ్లు ఏమనాలో పిల్లలకు ఆ వాక్యం దొరుకుతుంది.

ఎదురుచూడటం నేర్పడానికి మన ఊరిని మించిన చోటు లేదు. అలిపిరి నుంచి తిరుమలకు కాలినడక దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి. పదేళ్ల పిల్ల "ఇంకెంత దూరం" అని అడిగినప్పుడు కొండ శిఖరాన్ని చూపిస్తే నీరుగారిపోతుంది. "వంద మెట్లు లెక్కపెట్టి ఆగుదాం" అంటే ఎక్కుతుంది, పెద్ద పనిని చిన్న మజిలీలుగా విడగొట్టుకోవడం అక్కడ కాళ్లకే అర్థమవుతుంది. దర్శనం వరసలో గంటలు గడపవలసి వచ్చినప్పుడు "కదలకుండా ఉండు" అనే ఆజ్ఞ పనిచేయదు. మిషెల్ ప్రయోగంలో కూడా మిఠాయినే చూస్తూ కూర్చున్నవారు త్వరగా ఓడిపోయారు. పాట పాడుకున్నవారు, కళ్లు మూసుకున్నవారు, తమ వేళ్లతో ఆడుకున్నవారు ఆగగలిగారు. ఓర్పు ఉన్నవారు తమ ధ్యాసను వేరే చోట పెట్టుకోగలవారన్నమాట. ఆ ధ్యాసకు ఆధారాలు ముందే సిద్ధం చేయండి: అంత్యాక్షరి, పొడుపుకథలు, ఎక్కాలు, గోడ మీద కనబడే అక్షరాలతో మాటలు కూర్చడం. ఫోను ఇస్తే ఆ గంట గడుస్తుంది గానీ, ఎదురుచూడటం నేర్చుకునే ఆ గంట వృథా అవుతుంది.

ఏ ప్రవర్తన ఎక్కడ తగును అన్నది కూడా ఈ నేర్పులో భాగమే. తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు కట్టినవారు బూతులు తిట్టడం ఆచారం. అది చూసిన పిల్లలు "వాళ్లు తిట్టొచ్చు, నేనెందుకు తిట్టకూడదు" అని అడుగుతారు. కసిరి ఊరుకోబెట్టకుండా, ఆ మాటకు ఆ వేషం, ఆ రోజు, ఆ వీధి అనే హద్దులున్నాయని, జాతర దాటితే ఆ మనిషే మామూలుగా మాట్లాడతాడని వివరించండి. హద్దు గుర్తుపట్టి గొంతు మార్చుకోవడమంటే ఏమిటో అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

కాసేపటి మౌనం కూడా సాధనే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో పిల్లలు సూర్యాస్తమయాన్ని చూస్తూ మౌనంగా కూర్చునే ఆనవాయితీ ఉంది, దానిని అస్తాచల్ అంటారు. మన మిద్దె మీద ఐదు నిమిషాలు శేషాచలం కొండల వైపు చూస్తూ కూర్చున్నా చాలు. పెద్దవాళ్లు ఫోను కిందే పెట్టి రావాలి.

చదువు, సంచి, ఫోను

ఇంటిపని దగ్గర పెద్దల లక్ష్యం ఏడాది చివరికి పక్కన కూర్చోనవసరం లేకుండా పోవడం. ఒకటి, రెండు తరగతుల పిల్లలు పది పదిహేను నిమిషాలకు మించి ఒకే పని మీద నిలవలేరు, మధ్యలో లేచి తిరగనివ్వండి. "లెక్కలు చెయ్, నీళ్లు తాగు, సంచి సర్దు" అనే ఆజ్ఞలకు బదులు "ఇప్పుడు ఏది మిగిలింది?", "దేనితో మొదలుపెడతావు?" అని అడగండి. ఆజ్ఞ వింటే పిల్లవాడు మీ తలతో పనిచేస్తాడు, ప్రశ్న వింటే తన తలతో పనిచేస్తాడు. మూడో తరగతి నుంచి సంచి సర్దుకోవడం పూర్తిగా వారిదే. ఒకరోజు పుస్తకం మరచిపోతే బడికి పరుగెత్తుకెళ్లి ఇచ్చి రాకండి. ఆ రోజు పడిన ఇబ్బంది మీ వంద హెచ్చరికల కన్నా బాగా గుర్తుంటుంది. అయితే ఒక మాట ముందుగా ఉపాధ్యాయులతో చెప్పి ఉంచండి, పిల్లవాడు ఆ రోజు అవమానం పాలు కాకూడదు.

ఫోను విషయంలో గొడవ అంతా ఆపే క్షణంలోనే. వీడియో మధ్యలో లాక్కుంటే ఏ వయసువారైనా మండిపడతారు. మొదలుపెట్టకముందే "రెండు వీడియోలు" అని ముగింపును నిర్ణయించండి, రెండోది మొదలైనప్పుడు గుర్తుచేయండి, ఆపి మీ చేతికి ఇచ్చే పని పిల్లల చేతనే చేయించండి. ఆపిన వెంటనే చేయడానికి ఇష్టమైన పని ఒకటి సిద్ధంగా ఉండాలి. ఏడిస్తే ఇంకో పది నిమిషాలు దొరుకుతుందని ఒక్కసారి తెలిసిందంటే, ఆ తరువాత నెల రోజులు ఏడుపే వినబడుతుంది. ఇందులో అవ్వాతాతలతో ముందే మాట కలుపుకోండి. నలుగురున్న ఇంట్లో నలుగురికీ నాలుగు నియమాలుంటే, పిల్లవాడు నియమాన్ని వదిలేసి మెత్తటి మనిషిని వెతుక్కుంటాడు. పెద్దవారిని పిల్లల ముందు తప్పుపట్టకండి. వారు పడుకున్నాక "అత్తమ్మా, వీడు ఏడ్చినా ఈ వారం రోజులు మనమందరం ఒకే మాట మీద ఉందాం" అని అడిగితే కాదనే పెద్దలు తక్కువ.

పన్నెండు దాటిన పిల్లలకు ఈ పద్ధతులన్నీ కాస్త మారతాయి. వారికి నియమాలు ఇవ్వడం తగ్గించి, కలిసి నిర్ణయించడం పెంచాలి. కోపంలో ఉన్నప్పుడు ఒంటరిగా వదిలేసే సమయం ఎక్కువ ఇవ్వాలి. స్నేహితుల ముందు ఒక్క మాట కూడా అనకూడదు.

వైద్యుల దగ్గరకు ఎప్పుడు

పై ప్రయత్నాలన్నీ చేసినా ఆరు నెలలకు మించి, ఇంట్లోనూ బడిలోనూ కూడా, పిల్లవాడు ఈడు పిల్లలందరికన్నా బాగా ఎక్కువగా కుదురులేకుండా, ధ్యాస నిలపలేకుండా, తొందరపాటుతో ఇబ్బంది పడుతుంటే అది పెంపకం లోపం కాకపోవచ్చు. ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే ఏడీహెచ్‌డీ అనే స్థితి లక్షణాలు పన్నెండేళ్లలోపలే కనబడతాయి, దానికి చికిత్స ఉంది. చదవడంలో ఇబ్బంది, వినికిడి, చూపు లోపాలు కూడా కుదురులేనితనంలాగే కనబడతాయి కాబట్టి ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తనను తాను గాయపరచుకోవడం, చనిపోతాననడం, ఉన్నట్టుండి బడి మానేసి ముడుచుకుపోవడం వంటివి కనబడితే ఆరు నెలలు ఆగనే వద్దు. తిరుపతిలో రుయా ఆసుపత్రి వంటి బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో చూపించవచ్చు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లల మీద హింస జరుగుతోందన్న అనుమానం ఉంటే పిల్లల సహాయవాణి 1098కి చెప్పండి.

మిగిలిన ఇళ్లలో మార్పు నెలల మీద వస్తుంది, వచ్చింది కూడా మధ్యమధ్యలో వెనక్కు పోతుంది. పరీక్షల వారంలో, చెల్లెలు పుట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు, జ్వరం వచ్చి లేచినప్పుడు ఆరేడు నెలల కిందటి పిల్లవాడే మళ్లీ ఎదుట నిలుస్తాడు. అప్పుడు "ఇన్నాళ్లు నేర్పింది గంగపాలు" అనుకోకుండా, ఒక మెట్టు దిగి, మళ్లీ పక్కన కూర్చుని, పాత ఒప్పందాన్ని గుర్తుచేయండి. వారు తమాయించుకున్న సందర్భాన్ని మాత్రం జారవిడవకండి. "మంచి పిల్లవాడివి" అనే పొగడ్తతో, మళ్లీ ఏం చేస్తే ఆ పేరు వస్తుందో వారికి తెలియదు. చూసింది చూసినట్టు చెప్పండి: "కాగితం చిరిగింది. నీ పిడికిలి బిగుసుకోవడం చూశాను. పెన్సిలు కింద పెట్టి నీళ్ల బిందె దగ్గరికి వెళ్లావు. తిరిగి వచ్చి మిగిలిన మూడు లెక్కలూ చేశావు."